మజ్జిగ ఇచ్చిన మనిషికి ఆసరా దేనికి?

మనిషి ముసలివాడు కావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు గానీ, చేతకానివాడు కావడానికి మాత్రం ప్రభుత్వ ధ్రువీకరణ కావాలి.

అద్దంకి గురవమ్మకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. ఏళ్ల తరబడి నేలమీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీసీ తీసీ ఆవిడ మోకాళ్లు ఎప్పుడో చేతులెత్తేశాయి. స్నానాల గదిలో రెండుసార్లు జారిపడింది. ముచ్చటగా మూడోసారి పడేలోపు, పట్టుకునే మనిషి ఉండే వృద్ధుల నిలయంలో చేరాలని ఆవిడ ఆశ. ఆ ఖర్చు భరించే పథకం ఒకటుంది. ఏ పనీ సొంతంగా చేసుకోలేకపోవడమే దానికి అర్హత. (మంజూరయ్యేదాకా బతికి ఉండటం మాత్రం సొంతంగా చేసుకోవాలి.)

అశక్తత నిర్ధారణాధికారి రామకాంత్ గారు మొదటిసారి వచ్చినప్పుడు, స్నానం ఎవరు చేయిస్తారని అడిగారు. పరాయి మగవాడు అడగాల్సిన ప్రశ్నేనా అది?

"నేనే చేస్తానండీ, నాకేం రోగం," అంది గురవమ్మ.

ఆయన 'సంపూర్ణ ఆరోగ్యం' అని రాసుకుని వెళ్లారు.

పక్కింటి మల్లేశ్వరి తల బాదుకుని అప్పీలు పెట్టించింది. రెండో తనిఖీ రోజున ముందే గట్టిగా చెప్పింది: "పిన్నీ, నీకు దణ్ణం పెడతా. ఆయన వెళ్లేదాకా మంచం దిగమాక."

గురవమ్మ దిగలేదు. అడిగినదానికల్లా చేతకాదండి అంది. అన్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయింది. రామకాంత్ గారు సంతృప్తిగా తలూపి, సంతకానికి పెన్ను తీశారు. సరిగ్గా అప్పుడే ఎదురింటి డాబా మీద ఎండుమిరపకాయలు తిరగేశారు. ఆ ఘాటు వీధికి అలవాటే గానీ, ఆయన ఏసీ గది మనిషి. దగ్గు అందుకుంది. వాళ్లని ఆపడానికి మల్లేశ్వరి బయటికి పరిగెత్తింది.

తిరిగొచ్చేసరికి గురవమ్మ ఒక చేత్తో గోడ, ఇంకో చేత్తో మజ్జిగ గ్లాసు పట్టుకుని, పళ్లు బిగబట్టి వంటింట్లోంచి వస్తోంది.

"ఎందుకు లేచావు పిన్నీ?"

"ఇంటికొచ్చినాయన గుక్క తిప్పుకోలేకపోతుంటే చూస్తా కూర్చోమంటావా?"

రామకాంత్ గారు తాగారు. ఉప్పు సరిపోయిందన్నారు. ఇంకో గ్లాసు అడిగితే అదీ తెచ్చిచ్చింది. (సాక్ష్యాన్ని రెండుసార్లు సరిచూసుకోవడం నిబంధన.) ఆ తర్వాత 'దరఖాస్తుదారు తన పనులే కాక ఇతరుల పనులు కూడా చేయగలరు, అనర్హురాలు' అని రాసి, మూతి తుడుచుకుని, నమస్కారం పెట్టి వెళ్లారు.

ఒళ్లు మండిన మల్లేశ్వరి, అదే నిలయంలో ఖాళీగా ఉన్న ఆయా ఉద్యోగానికి గురవమ్మ పేరు పంపించింది.

గోడ పట్టుకోకుండా నిలబడలేరని తిరస్కరించారు. సంతకం రామకాంత్ గారిదే.