రెండో మలుపులో మిట్ట

ఆ ఆదివారం పొద్దున విల్ఫ్ గార్‌సైడ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడింటికల్లా ట్రాక్టరుతో ట్రాక్‌ని చదును చేయాలి. ఎనిమిదింటికి నీళ్లు చల్లాలి. తొమ్మిదింటికి భార్య డొరీన్ నడిపే టీ కొట్లో బేకన్ రొట్టె తినాలి. మూడింటికి పోటీ మొదలయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవాలి.

ఉత్తర ఇంగ్లండులో క్రాగ్‌డేల్ అనే ఆ ఊరికి ఉన్న గొప్ప ఒక్కటే, స్పీడ్‌వే ట్రాక్. బ్రేకుల్లేని మోటార్‌సైకిళ్లు నాలుగు, ఎర్రమట్టి మీద అడ్డంగా జారుతూ నాలుగు చుట్లు తిరుగుతాయి. ఊరి జట్టు పేరు కొంగలు. జట్టుకి ఇద్దరు చొప్పున దిగే జంటల పోటీ ఆరేళ్లుగా ఇక్కడే జరుగుతోంది. వచ్చే ఏడు కూడా ఇక్కడేనా, లేక సాల్ట్‌మియర్‌లో కొత్తగా కట్టిన ట్రాక్‌కి పోతుందా అన్నది ఇవాళ తేలుతుంది. అభిమానుల అభిప్రాయాలు చూసి నిర్ణయిస్తానని లీగ్ తరఫున ఆర్మరాడ్ అనే పెద్దమనిషి వస్తున్నాడు.

మేనేజర్ క్లెగ్ నిన్ననే చెప్పేశాడు. "పోటీ చేజారిందంటే ట్రాక్ పని కాంట్రాక్టుకి ఇచ్చేస్తా విల్ఫ్. నువ్వింక ఇంట్లో గులాబీలు పెంచుకో."

ఇరవై ఆరేళ్లుగా ఆ ట్రాక్‌ని చంటిపిల్లలా సాకిన విల్ఫ్‌కి గులాబీలంటే అసహ్యం.

అభిప్రాయాల పెట్టె టీ కొట్టు బల్ల మీదే ఉంది. అభిమానుల సంఘానికి కార్యదర్శి కూడా డొరీనే కాబట్టి దాని తాళంచెవి చక్కెర డబ్బాలో ఉంది. ఆమె ఇంకా రాలేదు. పెట్టె తెరవకూడదు. విల్ఫ్ తెరిచాడు.

నూట నలభై మూడు కాగితాలు. మొదటిది: "దుమ్ము. మా ఆవిడ తెల్లకోటుతో వచ్చి ఎర్రకోటుతో ఇంటికెళ్లింది." రెండోది: "టీ ఏ ట్రాక్టరు రేడియేటర్లోంచి పడుతున్నారో తెలుసుకోగోరుతున్నాను." మూడోది: "మొదటివాడికి నాలుగు, రెండోవాడికి మూడు, మూడోవాడికి రెండు, ఆఖరివాడికి గుండుసున్నా! ఒక్కడే దూసుకెళ్లి గెలిచినా జంట ఓడిపోయే ఈ లెక్క ఎవడి బుర్రలో పుట్టింది?"

ఇంతవరకూ విల్ఫ్ నవ్వుకున్నాడు. నాలుగో కాగితం నుంచి నవ్వు ఆగిపోయింది. "రెండో మలుపులో మిట్ట సిగ్గుచేటు." అయిదోది కూడా అదే. ఆరోది బొమ్మ గీసి మరీ. లెక్కపెట్టాడు. తొంభై ఏడు మంది ఆ మిట్టనే ఎత్తిపొడిచారు. డెబ్బై ఎనిమిదేళ్ల ఈనిడ్ సగ్డెన్ అయితే ఎనిమిది పేజీలు రాసి, ఏ అంగుళానికి ఆ అంగుళం కొలతలు జతచేసింది.

ఆ మిట్ట విల్ఫ్ కట్టింది కాదు. అతని ముందు పనిచేసిన ముసలాయన వెళ్తూ వెళ్తూ, "అక్కడ మాత్రం బ్లేడు పైకెత్తి పోనీ" అన్నాడు. ఎందుకని విల్ఫ్ అడగలేదు. ఇరవై ఆరేళ్లుగా ఎత్తుతూనే ఉన్నాడు.

ఇవాళ ఎత్తలేదు.

ఏడూ పదికి ట్రాక్టరు బ్లేడు మిట్టలోకి దిగింది. ఖంగుమని ఒక శబ్దం వచ్చింది. తర్వాత ఒక నిట్టూర్పులాంటిది వచ్చింది. ఆ తర్వాత రెండు నిలువుల ఎత్తున నీళ్లు లేచాయి. ముసలాయన బ్లేడు ఎందుకెత్తమన్నాడో విల్ఫ్‌కి అప్పుడు అర్థమైంది. స్టేడియం మొత్తానికి నీళ్లు తెచ్చే పైపు ఆ మిట్ట కిందే ఉంది.

పరుగెత్తుకెళ్లి గేటు దగ్గర వాల్వు తిప్పి మూసేసరికి పావుగంట పట్టింది. ఎక్కడుందో వెతకడానికి పన్నెండు నిమిషాలు, తుప్పుతో కుస్తీకి మూడు. తిరిగొచ్చేసరికి రెండో మలుపులో చిన్న చెరువు తయారైంది.

టీ కొట్లోంచి కేక వినిపించింది. "విల్ఫ్! కుళాయిలో చుక్క లేదేంటి?"

"మున్సిపాలిటీ వాళ్లు రిపేరు చేస్తున్నారు డొరీన్!"

"ఆదివారం పూటా?"

"వాళ్లకీ వారమంతా ఒకటేలే!"

అబద్ధం ఆడేముందు అది ఎవరితో ఆడుతున్నామో చూసుకోవాలి. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో డొరీన్ చెప్పుకోవాల్సిన ఫిర్యాదుని మర్నాటికి వాయిదా వేసిన రోజు లేదు. నీళ్ల ఆఫీసుకి ఫోను కొట్టింది. అటునుంచి, "మేమేం రిపేరు చేయట్లేదమ్మా, మనిషిని పంపిస్తాం" అన్నారు.

తొమ్మిదిన్నరకి ఈనిడ్ సగ్డెన్ వచ్చింది. రెండో మలుపు కంచె పక్కన మడత కుర్చీ వేసుకుని, కళ్లద్దాల మీద మట్టి పడకుండా వేరే అద్దాలు పెట్టుకుని, అట్టకి ప్రోగ్రాం పుస్తకం బిగించి కూర్చోవడం ఆమెకి నలభై ఏళ్ల అలవాటు. పోటీ మూడింటికైనా చోటు పోకూడదని ముందే వస్తుంది. ఆ చోటుకి పోటీపడినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు.

"ఏమోయ్ విల్ఫ్, ఇదేంటి?"

"దుమ్ము లేవకుండా కాసిని నీళ్లు చల్లాను ఈనిడ్ గారూ."

ఈనిడ్ చెరువుని చూసింది. ఆకాశాన్ని చూసింది. ఎక్కడా మబ్బుతునక లేదు. ఫోను తీసి అభిమానుల గ్రూపులో ఒక్క ముక్క రాసింది: "రెండో మలుపులో నీళ్లు."

పదింటికి అది "ట్రాక్ మునిగింది" అయింది. పదిన్నరకి "పోటీ రద్దు" అయింది. ఆ కబురు సాల్ట్‌మియర్ చేరేసరికి స్టాండు కూలిపోయి, విల్ఫ్ దాని కింద ఉన్నాడు.

పోటీ రద్దని తెలిస్తే మామూలు మనిషి ఇంట్లో ఉంటాడు. స్పీడ్‌వే అభిమాని ఉండడు. నిజంగా రద్దు చేయాల్సినంత నీళ్లున్నాయా లేదా అని కళ్లారా చూసి తిట్టడానికి బయల్దేరతాడు. పదకొండింటికి కారు పార్కు సగం నిండింది. పన్నెండింటికి మేనేజర్ క్లెగ్ వెనక లీగ్ పెద్దమనిషి ఆర్మరాడ్ కూడా దిగాడు. రావాల్సింది రెండింటికి. స్టాండు కూలిందని విని ముందే వచ్చాడు.

ఆయన వచ్చేసరికి చెరువులో రెండు బాతులు ఈదుతున్నాయి.

"ఇవేంటి క్లెగ్ గారూ?" అన్నాడు ఆర్మరాడ్.

క్లెగ్ ఒక నవ్వు పులుముకున్నాడు. "అంటే... జంటల పోటీ కదండీ."

ఆర్మరాడ్ నవ్వలేదు. నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నాడు. క్లెగ్ విల్ఫ్ చెవిలో, "గులాబీలు కాదురా, నీ మీద నాగజెముడు నాటిస్తా" అన్నాడు.

అప్పుడే నీళ్ల ఆఫీసు వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి దిగినావిడ గుంటలోకి తొంగిచూసి, అందరికీ వినపడేట్టు అడిగింది. "ఈ పైపు కోసిన మహానుభావుడు ఎవరు?"

టీ కొట్టు గుమ్మంలో డొరీన్ ప్రత్యక్షమైంది. చేతిలో ఖాళీ కెటిలు ఉంది. "మున్సిపాలిటీ వాళ్లట," అంది మొగుణ్ణే చూస్తూ. "ఆదివారం కూడా పనిచేస్తారట."

విల్ఫ్ ఏదో చెప్పబోయాడు. ఈలోగా కొంగల జట్టు కెప్టెన్ హెస్లాప్, డెన్మార్క్ నుంచి వచ్చిన అతని జోడీ యెప్పె, ట్రాక్ నడిచి చూడటానికి వచ్చారు. రెండో మలుపు దగ్గర హెస్లాప్ కొయ్యబారిపోయాడు.

"మిట్ట ఏది?"

"తీసేశాను," అన్నాడు విల్ఫ్.

"తీసేశావా! దాని మీద ఏ గీతలో వెళ్లాలో నేర్చుకోడానికి నాకు మూడేళ్లు పట్టింది. రెండు కాలర్ ఎముకలు పోయాయి. ఇప్పుడు తీసేశావా?"

ఈ మాట కంచె వెంబడి నిప్పులా పాకింది. మూడొందల మంది కంచె దగ్గరికి తోసుకొచ్చారు.

"మా మిట్ట మీద చెయ్యి వేసిందెవడు?"

"తాతల నాటి మిట్ట!"

"నా మొగుడు నన్ను పెళ్లికి అడిగింది ఆ మిట్ట ఎదురుగానే!" అని వెనక నుంచి ఒకావిడ. "అయినా సరే, తీయకుండా ఉండాల్సింది!"

విల్ఫ్‌కి తిక్క రేగింది. కొట్లోకి పోయి పెట్టె పట్టుకొచ్చి, కాగితాలు గుప్పిళ్లతో పైకెత్తాడు. "మీరే కదయ్యా రాశారు! తొంభై ఏడు మంది! సిగ్గుచేటు అన్నారు, నడుములు విరుగుతున్నాయన్నారు! ఈనిడ్ గారూ, మీరు ఎనిమిది పేజీలు రాయలేదూ?"

"రాశాను," అంది ఈనిడ్ తొణక్కుండా. "తియ్యమన్నానా?"

విల్ఫ్ ఎనిమిది పేజీలూ తిరగేశాడు. మిగతా తొంభై ఆరూ తిరగేశాడు. ఎక్కడా తియ్యమని లేదు.

"పెట్టె తెరిచావన్నమాట," అంది డొరీన్ నెమ్మదిగా. విల్ఫ్ పెట్టెని కాలితో వెనక్కి నెట్టాడు.

ఆర్మరాడ్ గడియారం చూసుకున్నాడు. "రెండున్నరకి రిఫరీ ట్రాక్ చూస్తాడు. పనికిరాదంటే పోటీ సాల్ట్‌మియర్‌కి వెళ్తుంది. ఈ ఏటిదీ, వచ్చే ఏటిదీ."

సాల్ట్‌మియర్ అన్న మాట వినగానే మూడొందల మందీ ఒకేసారి కంచె దాటారు.

తర్వాతి రెండు గంటలు క్రాగ్‌డేల్ చరిత్రలో రాసుకోదగ్గవి. కారు పార్కులోంచి బకెట్లు వచ్చాయి. స్పాంజీలు, చీపుళ్లు, ఒకాయన పెళ్లికి అద్దెకి తెచ్చిన షాంపేన్ బకెట్టు కూడా వచ్చాయి. నీళ్లు తోడుతూ తిట్టారు. తిడుతూ తోడారు. "ఇదేం చీపురు?" "ఆ మూల వదిలేశావ్, కళ్లు పోయాయా?" "మా రోజుల్లో నీళ్లు ఇంతకన్నా లోతుగా ఉండేవి!" బాతులు ఎగిరి వెళ్లి స్టాండులో కూర్చున్నాయి.

నీళ్లావిడ విరిగిన పైపుకి లావుపాటి ఇనుప పట్టీ బిగించింది. "దీని మీద మూరెడు మట్టి ఉండాలి. రూలు," అంది.

"మూరెడు వేస్తే మిట్ట లేస్తుందే!" అన్నాడు విల్ఫ్.

"లేవనియ్!" అని మూడొందల గొంతులు.

ఎంత ఎత్తు, ఎక్కడ మొదలు, ఎక్కడ అంతం? పాత మిట్ట కొలత విల్ఫ్‌కే తెలియదు. ఇరవై ఆరేళ్లూ బ్లేడెత్తి పోనిచ్చాడే తప్ప కొలిచింది లేదు. అప్పుడు ఈనిడ్ తన ఎనిమిది పేజీల ఫిర్యాదుని లాక్కుని కుర్చీ ఎక్కింది.

"కంచె నుంచి ఏడడుగుల మూడంగుళాలు! ఎత్తు అయిదంగుళాల పావు! వెనక వైపు ఏటవాలు, ముందు వైపు కోసినట్టుండాలి! ఏయ్ నాయనా, కోసినట్టు అంటే తెలీదా?"

విల్ఫ్ పారతో మట్టి వేశాడు. మిగతావాళ్లు తమ తమ ఫిర్యాదులు వెతుక్కుని సరిచూశారు. తొంభై ఏడు తిట్లలోంచి మిట్ట ముక్కముక్కగా మళ్లీ లేచింది. ఆర్మరాడ్ ఒక పక్కన నిలబడి, నోటుబుక్కులో ఆపకుండా రాస్తూనే ఉన్నాడు.

రెండూ ఇరవై తొమ్మిదికి రిఫరీ వచ్చి మిట్ట మీద కాలు పెట్టి చూశాడు. "ఇది ఎప్పుడూ ఉండేదే కదా," అని వెళ్లిపోయాడు.

మూడింటికి స్టేడియంలో జనం పట్టలేదు. స్టాండు కింద పడ్డ విల్ఫ్‌ని చూద్దామని సాల్ట్‌మియర్ నుంచే నాలుగు బస్సులొచ్చాయి.

ఫైనల్లో కొంగలకీ సాల్ట్‌మియర్ నక్కలకీ పడింది. మొదటి మలుపులోనే నక్కల కెప్టెన్ ముందుకి దూకాడు. అతన్ని అందుకునే మొనగాడు ఆ రోజు ఇంగ్లండులో లేడు. రెండో స్థానంలో అతని జోడీ, వెనక హెస్లాప్, యెప్పె. క్లెగ్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. విల్ఫ్ మాత్రం మిట్టనే చూస్తున్నాడు.

మూడు చుట్లు ఆ వరస మారలేదు. ఆఖరి చుట్టులో ఆ రెండో నక్క, ఇంతదాకా ఒదిగి నడిపినవాడు, హెస్లాప్ దగ్గరికొస్తున్నాడని బెదిరి వేగం పెంచాడు. మిట్టకి కోసినట్టున్న వైపు ముందు చక్రం తగిలింది. బండి గుర్రంలా లేచి, కంచె వైపు అంత దూరం వెళ్లి, అక్కడెక్కడో కుదురుకుంది. హెస్లాప్, యెప్పె అటొకరు ఇటొకరు అదే పాత గీతలో మిట్టని దాటేశారు.

మొదటివాడికి నాలుగు, ఆఖరివాడికి సున్నా. నక్కలకి నాలుగు. రెండోవాడికి మూడు, మూడోవాడికి రెండు. కొంగలకి అయిదు.

"ఈ లెక్క కనిపెట్టినవాడు మేధావి!" అని అరిచాడు, దాన్ని తిడుతూ కాగితం రాసినాయనే.

బహుమతులయ్యాక ఆర్మరాడ్ టీ కొట్టు దగ్గరికి వచ్చాడు. డొరీన్ ఇచ్చిన టీ ఒక గుక్క తాగి, కప్పు జాగ్రత్తగా దూరం జరిపాడు. విల్ఫ్ టోపీ తీసి నిలబడ్డాడు.

"సాల్ట్‌మియర్‌లో కూడా అభిప్రాయాలు అడిగాం. పదకొండు కాగితాలొచ్చాయి. పదకొండింటిలోనూ ఒకే ముక్క, 'బాగుంది'. ఇక్కడ నూట నలభై మూడు. ఒక్కటీ బాగుందనలేదు. కానీ నీళ్లు తోడింది వీళ్లే." నోటుబుక్కు మూశాడు. "జంటల పోటీ మూడేళ్లపాటు ఇక్కడే. ట్రాక్ మనిషిని మార్చొద్దు క్లెగ్ గారూ. ఆయన్ని ఇంత బాగా తిట్టగలవాళ్లు ఇంకెక్కడా దొరకరు."

క్లెగ్ విల్ఫ్ వీపు తట్టాడు. డొరీన్ తట్టలేదు. పెట్టె తాళంచెవి చక్కెర డబ్బాలోంచి తీసి తన జేబులో వేసుకుంది. ఆనక, మనసొప్పక, ఆ సాయంత్రం పడ్డ మొదటి కాగితం మాత్రం మొగుడి చేతిలో పెట్టింది. ఈనిడ్ దస్తూరి.

"కొత్త మిట్ట రెండంగుళాలు ఎడమకి జరిగింది. సిగ్గుచేటు."

మర్నాడు పొద్దున విల్ఫ్ టేపు పట్టుకెళ్లి కొలిచాడు. సరిగ్గా రెండంగుళాలే.