లిండ్సే కెమెరా, రేవిన్ వీపు

పెళ్ళయిన ప్రతి మగవాడికీ ఒక బరువైన కెమెరా ఉండి తీరాలి! అంత యోగం లేనివాడికి, ఉన్నది మార్చి ఇంకా పెద్దది కొనాలా, లేక అన్నీ అవతల పారేసి తేలికపాటిది మెళ్ళో వేసుకోవాలా అన్న సందేహమైనా ఉండాలి. ఆ సందేహం లేని సంసారం ఉప్పు లేని పప్పు.

నవ్వకండి. పేకాట మగవాణ్ణి గడప దాటిస్తుంది. తాగుడు వీధి దాటిస్తుంది. గుర్రప్పందేలు ఊరే దాటిస్తాయి. కెమెరా సందేహం మాత్రం మనిషిని కంప్యూటర్ ముందు కుర్చీకి కట్టేసి, భోజనానికి పిలిచినా పలక్కుండా కూర్చోబెడుతుంది. ఇల్లాలికి ఇంతకంటే ప్రశాంతత ఏ దేవుడిస్తాడు?

రుజువు కావాలా? మా ఊళ్ళో లిండ్సే గిల్‌క్రిస్ట్ ఇంటికి పదండి. న్యూజిలాండ్ పడమటి తీరం మాది. వాన ఎక్కువ, కాబట్టి తీరిక ఎక్కువ, కాబట్టి సందేహాలూ ఎక్కువే. లిండ్సే బళ్ళో వడ్రంగం నేర్పి రిటైరయ్యాడు. ఆయన భార్య రేవిన్ బేకరీ నడిపింది. జీవితమంతా నిలబడి ఊరందరికీ మాంసం కూరిన పైలు అమ్మేసరికి ఆమె కుడి మోకాలు అరిగిపోయింది.

మాకు ఎండాకాలమైన జనవరిలో ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. మే నెలలో మోకాలు మారుస్తారు. ఆ తర్వాత కొండలెక్కొచ్చా అని రేవిన్ అడిగితే డాక్టరు “చూద్దాం” అన్నాడు. డాక్టరు “చూద్దాం” అన్నా, పెళ్ళిచూపులవాళ్ళు “కబురు పెడతాం” అన్నా అర్థం ఒకటే కదా!

అందుకని రేవిన్ మొగుణ్ణి ఒకే ఒక్క కోరిక కోరింది. ఈస్టర్ సెలవుల్లో, చలి దిగకముందే, ఇద్దరూ కలిసి రాటా హట్‌కి నడవాలి. లోయ చివర, నాలుగు మంచాలూ ఒక ఇనప పొయ్యీ ఉన్న రేకుల గది అది. పెళ్ళయిన కొత్తలో వాళ్ళు మొదటిసారి ఎక్కిన కొండ అదే.

“ఈసారి నా పక్కన నడవాలి. వెనకెక్కడో ఆగిపోయి కాదు. పక్కన,” అంది రేవిన్.

“పక్కనే రేవూ, పక్కనే. ఈ కెమెరా సంగతొకటి తేలనీ, బయల్దేరిపోదాం,” అన్నాడు లిండ్సే.

తేలడమంటే మాటలా? పెళ్ళికూతుర్ని ఒక పూటలో చూసి ఒప్పుకున్న మనిషే గానీ, కెమెరా విషయంలో తొందరపడే రకం కాదు. జనవరి పోయింది. ఫిబ్రవరిలో వరసగా వారం రోజులు వాన లేదు. మా తీరంలో అది మనవలకి కథగా చెప్పుకునే సంగతి! ఆ వారమంతా లిండ్సే లోపల కర్టెన్లు వేసుకుని, రెండు కెమెరాలు ఒకే పిచ్చుకని తీసిన ఫోటోలని పక్కపక్కన పెట్టి, పిచ్చుక కంటి చుట్టూ ఉన్న ఈకలు లెక్కపెట్టాడు. కిటికీ అవతల కంచె మీద నిజం పిచ్చుకే కూర్చుని చూసి చూసి వెళ్ళిపోయింది.

రేవిన్ రోజూ వంతెన దాకా నడిచి వచ్చి, మోకాలికి మందు రాసుకుని, “తేలిందా?” అనేది.

“దగ్గరికొచ్చింది,” అనేవాడు.

ఇక్కడ మీకు బరువు సంగతి చెప్పాలి. కొండలెక్కేవాళ్ళకి మా దగ్గర ఒక ధర్మం ఉంది. వీపు మీద ఎక్కే ప్రతి గ్రాముకీ జవాబు చెప్పుకోవాలి. టూత్‌బ్రష్ పిడి సగానికి కోసెయ్యాలి, టీ సంచుల దారాలు పీకెయ్యాలి. లిండ్సే వడ్రంగం మేస్టారాయె! బ్రష్ పిడి కోసి, గరుకు కాగితంతో రుద్ది, వార్నిష్ కూడా పూశాడు. రేవిన్ దువ్వెన కోశాడు. ఆమె రెండో జత మేజోళ్ళు తీసేశాడు. చెంచాలకి బరువు తగ్గుతుందని కన్నాలు పెట్టాడు. అందులో ఉన్న పొరపాటు సూపు తాగేదాకా తెలియలేదు. రేవిన్ దాచుకున్న బేకరీ త్రాసు మీద ఇలా మిగిల్చిన బరువంతా పోగేసి చూస్తే, లెన్సు మూతంత తేలింది.

ఆ తర్వాత సంచిలో కెమెరా పెట్టాడు. దాని పెద్ద లెన్సు పెట్టాడు. పెద్దదానికి తోడుగా చిన్న లెన్సు పెట్టాడు.

సంచి లేవలేదు. అయితే తెలివైనవాడికి దారి దొరక్కపోతుందా? స్టవ్వు రేవిన్ సంచిలోకి మారింది. స్టవ్వు ఒంటరిగా ఎలా ఉంటుంది, గ్యాసు డబ్బా కూడా వెళ్ళింది. వాటి వెనకాల బియ్యం, గిన్నె, వానకోట్లు, చివరికి కెమెరాని నిలబెట్టే మూడుకాళ్ళ ట్రైపాడ్. “చూశావా, ఒక పద్ధతిగా సర్దుకుంటే సంచి ఎంత తేలికవుతుందో!” అని లిండ్సే మురిసిపోయేవాడు. ఒక్క ప్రయాణం కాదు, ఏళ్ళ తరబడి ప్రతి ప్రయాణానికీ ఇదే తంతు. ఆ మాట నిజం కూడాను. ఆయన సంచి తేలికే!

భార్యకి శక్తి ఉందని ఇంత గట్టిగా నమ్మిన భర్తలు ఎందరుంటారు, మీరే చెప్పండి?

సందేహం తీరకపోవడంతో లిండ్సే దాన్ని కెమెరా క్లబ్బుకి తీసుకెళ్ళాడు. చర్చి వెనక హాల్లో జరుగుతుంది. ప్రతివాళ్ళూ ఒక ప్లేటు తినుబండారం, ఒక అభిప్రాయం తెస్తారు. ప్లేట్లు ఖాళీ అవుతాయి. అభిప్రాయాలు అవవు. అక్కడ ఇద్దరు గురువులున్నారు. మెర్విన్ తన పెద్ద కెమెరా అమ్మేసి అరచేతిలో పట్టేది కొన్నాడు. సిగరెట్లు మానినవాడు ఎలా ఉంటాడో అలా తయారయ్యాడు. క్లారీ మాత్రం చక్రాల పెట్టె లాక్కుంటూ వస్తాడు. అందులో ఉన్నవన్నీ కెమెరాలే.

“చూడరా లిండ్సే, జేబులో పడుతుంది! నడుంనొప్పి పోయింది, నిద్ర పడుతోంది, మా కుక్క కూడా నాతో మర్యాదగా ఉంటోంది,” అన్నాడు మెర్విన్.

“జేబులో పట్టేది పిప్పరమెంట్ల డబ్బారా, కెమెరా కాదు. రేపు ఫోటో గోడంత పెంచితే ఏముంటుంది అందులో? మట్టి!” అన్నాడు క్లారీ.

“ఎవరి గోడ? నీ గోడల మీద ఉన్నవి తడి మచ్చలేగా!”

రేవిన్ టీ పోస్తూ ఒక మాట అడిగింది. “గోడంత ఫోటో మీలో ఎవరైనా ఎప్పుడైనా వేయించారా నాయనా?”

హాలంతటికీ ఒక్కసారిగా ప్లేట్లలోని సాసేజ్ రోల్స్ మీద శ్రద్ధ పెరిగిపోయింది.

మార్చి చివర్లో లిండ్సేకి జ్ఞానోదయమైంది. అరవై మెగాపిక్సెళ్ళ కెమెరా, అంతకుముందు దానికంటే బరువైనది, ఇంటికొచ్చింది. “ఇది కొంటే ఇక జన్మలో మరోటి కొననక్కర్లేదు,” అన్నాడు. ఆ మాట ఆ ఇంటి గోడలకి కంఠతా వచ్చు.

“అయితే హట్‌కి వెళ్దామా?” అంది రేవిన్.

“ముందు దీని వాటం తెలియాలిగా. ఆదివారం నది దాకా వెళ్ళి చూద్దాం. నువ్వు ఎర్ర కోటు తెచ్చుకో.”

ఎర్ర కోటు ఎందుకో తెలుసా? కొండని ఉత్తినే ఫోటో తీస్తే ఎంత పెద్దదో తెలియదట. దాని కింద ఒక మనిషి ఉండాలి. మనిషి కనపడాలంటే ఎర్ర కోటు ఉండాలి. మా క్లబ్బులో సగంమంది భార్యలకి ఎర్ర కోట్లున్నాయి. లిండ్సే తీసిన వేలాది ఫోటోల్లో రేవిన్ లేని ఫోటో ఒక్కటి చూపించండి చూద్దాం! భార్య మీద ఇంత ప్రేమ ఎక్కడైనా ఉందా? కాకపోతే ప్రతి దాంట్లోనూ ఆవగింజంత ఉంటుంది.

ఆ ఆదివారం కూడా అంతే. “ఇంకా వెనక్కి! ఇంకా! ఆ బండ మీద నిలబడు. సంచి దించకు, సంచి ఉంటేనే ప్రయాణం అనిపిస్తుంది. కదలకు, మబ్బు జరగనీ!” అని నది ఇవతల నుంచి అరిచాడు. మా తీరంలో కుట్టి రక్తం తాగే బుల్లి నల్ల ఈగలుంటాయి. నిలబడ్డ మనిషంటే వాటికి పెళ్ళి భోజనం. రేవిన్ బండ మీద నిలబడి ఈగలకి వడ్డన చేస్తూ, ఎప్పట్లాగే తనకి తోచిన పని తను చేసుకుంది.

ఆ పనేమిటో ఈస్టర్‌కి ముందు వారం, క్లబ్బు పోటీలో బయటపడింది.

పోటీకి తీర్పు చెప్పడానికి క్రైస్ట్‌చర్చ్ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. లిండ్సే కొండ తెర నిండా పరుచుకుంది. కింద మూల ఎర్ర చుక్క. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, “ఆ చుక్క దగ్గర ఎంత స్పష్టంగా ఉందో చూద్దామండీ. కాస్త పెంచండి,” అంది.

పెంచారు. చుక్క కోటయింది.

మళ్ళీ పెంచారు. కోటు వెనక సంచి వచ్చింది. మనిషికంటే సంచే పెద్దది. ఒక పక్క ట్రైపాడ్, ఇంకో పక్క వేలాడే గిన్నె. పైన చాపలా చుట్టిన లిండ్సే మడత కుర్చీ.

మూడోసారి పెంచారు. మొహం వచ్చింది. రెండు బొటనవేళ్ళూ చెవుల్లో పెట్టుకుని, మిగతా వేళ్ళు ఏనుగు చెవుల్లా విప్పి, మెల్లకన్ను పెట్టి, నాలుక గడ్డం దాకా చాపి, రేవిన్ గిల్‌క్రిస్ట్ తన భర్తని సూటిగా చూస్తోంది.



“అబ్బ! ఏం స్పష్టతండీ! నాలుక మీద గరుకు కూడా తెలుస్తోంది,” అంది పెద్దావిడ.

“చెప్పానా!” అని క్లారీ తొడగొట్టాడు.

మొదటి బహుమతి లిండ్సేకే వచ్చింది. మెర్విన్ మాత్రం తెర ముందు నుంచి కదల్లేదు. ఆ నాలుక వంక, తన అరచేతిలో కెమెరా వంక, మార్చి మార్చి చూశాడు.

ఇంటికి వెళ్తూ కారులో లిండ్సే వైపర్లు వేశాడు.

“ఎప్పట్నుంచి?”

“నీ మొదటి డిజిటల్ కెమెరా అప్పట్నుంచి. అంతకుముందు రీలు దండగవుతుందని జాలిపడేదాన్ని.”

“అన్నిట్లోనూనా?”

“వానపడ్డప్పుడు మానేదాన్ని. నోట్లోకి నీళ్ళు పోతాయిగా.”

“ఒక్క మాట చెప్పొచ్చుగా, రేవూ.”

“ఇరవై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాను కదయ్యా. నీ కెమెరాకి ఇప్పటికి కనపడింది.”

ఇంటికెళ్ళాక, నది దగ్గర్నుంచి తెచ్చి విప్పకుండా మూల పడేసిన రేవిన్ సంచిని లిండ్సే బేకరీ త్రాసు మీద పెట్టాడు. ముల్లు చివరికంటా తిరిగి, ఇక తిరగడానికి చోటు లేక, వణుకుతూ ఆగిపోయింది. లిండ్సే దాన్నే చూస్తూ నిలబడ్డాడు. రేవిన్ మోకాలికి మందు రాసుకుంది.

చూశారా కెమెరా మహిమ! అదే తేలికపాటిది కొని ఉంటే ఏమయ్యేది? చుక్క చుక్కలాగే ఉండిపోయేది. అరవై మెగాపిక్సెళ్ళు లేకుండా ఇంట్లో మనిషి మొహం కనపడుతుందని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. లిండ్సే రోజూ ఆమెకి ఎదురుగానే కూర్చుని టోస్టు తింటాడు.

గుడ్ ఫ్రైడే పొద్దున్న లిండ్సే అన్నీ తన సంచిలోకి సర్దాడు. స్టవ్వు, గ్యాసు, గిన్నె, బియ్యం, దుప్పట్లు. రేవిన్ రెండో జత మేజోళ్ళు కూడా. అన్నిటిమీదా కెమెరా పెట్టి, సంచి వీపుకెత్తుకుని లేవబోయాడు. లేవలేదు. గోడ పట్టుకుని మళ్ళీ ప్రయత్నించాడు. అప్పుడు సంచి దించి, లోపలి స్టవ్వు వంక చూశాడు. రేవిన్ సంచి వంక చూశాడు. రేవిన్ ఆయన వంక చూసింది.

లిండ్సే కెమెరా తీసి వంటింటి బల్ల మీద పెట్టి, దాని మీద శుభ్రమైన తువ్వాలు కప్పాడు.

రాటా హట్ దారి ఒక్క మనిషికే సరిపోతుంది. అయినా పక్కనే నడుస్తానని మాటిచ్చాడు కదా! రేవిన్ కర్ర తాటించుకుంటూ దారి మీద, లిండ్సే ఇంటి సామానంతా మోసుకుంటూ బురదలో, ఫెర్న్ పొదల్లో. దారి పొడుగునా ఆమె కబుర్లు చెప్పింది. ఆయనకి జవాబు చెప్పే ఊపిరి లేదు. ఏళ్ళ తర్వాత అంత బాగా విన్నాడు.

హట్ రేకులు కనపడే మలుపులో రేవిన్ ఆగింది. జేబులోంచి అరచేతిలో పట్టే కెమెరా ఒకటి తీసింది.

“అది మెర్విన్‌ది కాదూ?” అన్నాడు లిండ్సే రొప్పుతూ.

“ఆ నాలుక చూశాక పాపం చిన్నదాని మీద మనసు విరిగిపోయిందట. అరవై మెగాపిక్సెళ్ళది తెప్పించుకుంటున్నాడు. ఒక ఫ్రూట్ కేకు చేసిస్తే ఇది ఇచ్చేశాడు.” తన ఎర్ర కోటు విప్పి మొగుడి చేతిలో పెట్టింది. “తొడుక్కో. ఆ పైన బండ మీద నిలబడు. కొండ ఎంత పెద్దదో తెలియాలిగా.”

“సంచి దించి వెళ్ళనా?”

“వద్దొద్దు. సంచి ఉంటేనే ప్రయాణం అనిపిస్తుంది.”

లిండ్సే కోటు తొడుక్కుని, సంచి మళ్ళీ వీపుకెత్తుకుని, బండ ఎక్కాడు. కోటు చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి.

“ఇంకా వెనక్కి! ఇంకా!” అని అరిచింది రేవిన్. “ఆఁ, కదలకు! మబ్బు జరగనీ!”

కెమెరా ఒళ్ళో పెట్టుకుని, ఒక రాతి మీద మోకాలు చాపుకుని కూర్చుంది. భుజాన వేలాడే ఫ్లాస్కు మూత తీసి టీ పోసుకుంది. పొట్లం విప్పి, స్కోను రొట్టెకి వెన్న రాసుకుంది. పైన బండ మీద ఎర్ర చుక్క ఈగల్ని తోలుకోలేక తోలుకుంటోంది. మబ్బు ఎప్పుడో జరిగిపోయింది.

టీ అయ్యాక ఒకే ఒక్క ఫోటో తీసింది.

అందులో లిండ్సే నాలుక చాపాడా లేదా అని మీరు అడుగుతారు. ఏమో మరి! అది తేలికపాటి కెమెరా. అంత దూరం నుంచి ఏం కనపడుతుంది?