శేషమ్మ అవ్వకు పాల మర్యాద

ఒక పెద్ద అడవిలో, భగవంతుడి దయవల్ల, కాళ్ళున్నవాటికీ లేనివాటికీ కలిపి ఒకే ఆస్పత్రి ఉండేది. ఏ జాతి రోగిని ఏ మర్యాదతో చూడాలో అక్కడ వైద్యం నేర్చుకునే పిల్లలకు చెప్పేది కొంగ ఆచార్యులవారు. ఆయన ఏ పుట్టలోకీ తొంగిచూసినవారు కారు. ఊరి పొలాల్లో ఒంటికాలి మీద నిలబడి, నాగులచవితి నాడు ఆడవాళ్ళు పుట్టలో పాలు పొయ్యడం చూశారు. ఆ తల్లులు భక్తితో పోశారు, వాళ్ళ పుణ్యం ఎక్కడికీ పోదు. ఈయన మాత్రం పాముల ఆచారమంతా తెలిసిపోయిందనుకున్నారు.

ఆయన శిష్యుల్లో పెంచలయ్య అనే ముంగిస ఒకడు. వాళ్ళ వంశంలో పాముల్ని చంపినవాళ్ళే గాని బతికించినవాళ్ళు లేరు. పరీక్ష గట్టెక్కి వైద్యుడి ముద్ర వేయించుకుంటే అతనే మొదటివాడు. తప్పితే మళ్ళీ ఎలుకల వేటే.

పరీక్ష చూడటానికి సాక్షాత్తూ మృగరాజే వచ్చాడు. పెంచలయ్య వంతుకి శేషమ్మ అనే ముసలి త్రాచు వచ్చింది. కుబుసం విడిచింది గాని, కళ్ళ మీది పొర ఊడలేదట. చూపు లేదు, అందుకని తిండీ లేదు.

ఆచార్యులు మర్యాద మొదలుపెట్టమన్నారు. పెంచలయ్య చదివింది చదివినట్టు పడగ మీద పసుపు చల్లాడు, కుంకుమ అద్దాడు, మూతి ముందు పాలు పోశాడు. పక్కన ఎలుగుబంటి నాగస్వరం అందుకుంది. పసుపు కళ్ళ చుట్టూ ముద్దకట్టేసరికి శేషమ్మ తల విదిలించి బుసకొట్టింది.

"చూశారా ప్రభూ, రోగి ఆనందంతో ఆడుతోంది," అని ఆచార్యులు పరవశించి, ఇంకో చెంబు పొయ్యమన్నారు.

పాలు ముక్కులోకి పోయి శేషమ్మ ఉక్కిరిబిక్కిరైంది. పడగ వాల్చేసింది. ముద్ర సంగతి తర్వాత, ముందు ముసలిది దక్కేలా లేదు. పెంచలయ్య బూర ఆపమని ఎలుగుకు సైగ చేసి, దగ్గరగా వంగాడు.

"అవ్వా, నీకేం కావాలో నువ్వే చెప్పు."

ఆచార్యులు తల పట్టుకున్నారు. "అడిగేశాడు. ఆచారం తెలిసినవాడు ఎక్కడైనా అడుగుతాడా? సున్నా."

శేషమ్మ దగ్గుతూనే చెప్పింది. "పాలు తాగడం మా ఇంటావంటా లేదు నాయనా. పుట్టలో పోసినప్పుడల్లా ఇల్లు తడిసి వెనకదారిన పారిపోతాం. కళ్ళ మీద కాస్త తడి నాచు వెయ్యి. రాసుకోడానికి గరుకు కట్టె ఏదైనా ఇవ్వు."

అలాగే చేశాడు. నెమ్మదిగా పొర ఊడింది. కళ్ళు తెరిస్తే ఎదురుగా ముంగిస. వాల్చిన పడగ మళ్ళీ లేచింది.

"ఇందాకట్నుంచీ నువ్వేనట్రా?" అంది శేషమ్మ పడగ దించుతూ. "చూపు లేకపోవడమే మంచిదైంది. కనబడుంటే నీకు చెప్పేదాన్నా?"

మృగరాజు ముచ్చటపడ్డాడు. రోగిని అడగడమనే ఈ కొత్త విద్యను అందరికీ నేర్పాలని అక్కడికక్కడే ఏడాది చదువు పెట్టి, కొంగ ఆచార్యులవారినే దానికి పెద్దను చేశాడు. అది పూర్తయితేనే పెంచలయ్యకు ముద్ర.

మొదటి పాఠం నాడు పెంచలయ్య లేచి, రోగులెవరైనా వస్తారాండీ అని అడిగాడు.

"కూర్చో," అన్నారు ఆచార్యులు. "ఇది అడగడం గురించిన పాఠం. మధ్యలో అడగకూడదు."

నీతి: రోగిని అడగడానికి నోరుంటే చాలు, అడగకుండా ఉండటానికే పెద్ద చదువు కావాలి.