మెడ దగ్గర ఎర్రచుక్క

ఎనిమిదింటికి ఫోటో, ఎనిమిదిన్నరకు ప్రింటు, తొమ్మిదికి ఆవిడ డ్యూటీ. పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు పొద్దున్నే వేసుకున్న పథకం అది. ఆయన భార్య ఆసుపత్రిలో హెడ్‌నర్సు అయింది. తొమ్మిదికల్లా ఫోటో ఇస్తే వార్డు గోడకెక్కుతుంది, లేకపోతే ఆమె పేరు మీద ఖాళీ ఫ్రేము వేలాడుతుంది. పైగా ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన ఆమెకు తీసిన మంచి ఫోటో ఒక్కటీ లేదు. ఆ మాట ఆమె ఎప్పుడూ అనలేదు. అందుకే ఆయనకు మరీ గుచ్చుకునేది.

కొత్తగా సున్నం వేసిన తెల్లగోడ ముందు, తెల్ల యూనిఫారంలో ఆమెను నిలబెట్టాడు. మెరుస్తోందని కళ్లజోడు తీయించాడు. బటన్ నొక్కాడు. లెన్సు ముందుకెళ్లింది, వెనక్కొచ్చింది, మళ్లీ ముందుకెళ్లింది. ఎక్కడా ఆగలేదు.

"ఏమైందండీ?"

"దీనికి లోపల ఒకే బొమ్మ రెండుగా కనిపిస్తుంది. రెండూ కలిస్తేనే ఫోకస్. కలపాలంటే గీతో అంచో ఏదో ఒకటి ఉండాలి. నీ దగ్గర ఏమీ దొరకట్లేదు."

"ఇరవై ఏళ్లకు తెలిసిందన్నమాట!" అందామె.

లోపల్నుంచి అత్తగారు వచ్చింది. "అంచేగా కావాలి? ఇదిగో!" అని గళ్ల తువ్వాలు తెచ్చి కోడలి ముందు చాపి పట్టుకుంది. కెమెరా ఠక్కున పట్టేసింది. తువ్వాల్లో పోగులు లెక్కపెట్టుకోవచ్చు. వెనకున్న కోడలు మాత్రం అలుక్కుపోయింది.

"వెలుతురు చాలట్లేదమ్మా" అంటూ ఆయన కిటికీ తెర లాగాడు. కడ్డీ ఊడింది. కడ్డీతో పెచ్చు, పెచ్చుతో సున్నం, నేరుగా హెడ్‌నర్సు నెత్తిన పడ్డాయి. అప్పటిదాకా గోడకూ ఆమెకూ కాస్తో కూస్తో తేడా ఉండేది.

ఎనిమిది నలభై. ఆమె అరవలేదు, అందుకే ఆయనకు భయం వేసింది. కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుంది.

"కెమెరా లోపల ఎర్రచుక్క ఉంటుంది, అది ఎక్కడుంటే అక్కడ ఫోకస్ అంటారే. ఇప్పుడెక్కడుంది?"

"ఎప్పుడూ ఉండేచోటే. మెడ దగ్గర."

"నా మెడలో ఏముందని?"

పెళ్లివారికి మొహం మసకైనా ఫర్వాలేదు, నెక్లెసు మసకైతే గొడవే. అందుకని ఆయన ఆ చుక్కను ఎన్నడో అక్కడ నిలిపాడు, మళ్లీ కదపలేదు. డ్యూటీలో నగలు కూడదు గనుక ఆమె మెడ బోసిగా ఉంది. ఇంట్లో మనిషిని కూడా ఇన్నేళ్లూ అక్కడే చూశానన్నమాట అనుకుని సిగ్గుపడ్డాడు.

చుక్కను బొటనవేలితో పైకి జరిపి కళ్ల మీద ఆపాడు. ఆ కళ్లు నిప్పులు కురిపిస్తున్నాయి. కెమెరా క్షణం కూడా తడుముకోలేదు.

తొమ్మిదికి రెండు నిమిషాలుందనగా, నెత్తిన సున్నంతో ఉరిమి చూస్తున్న హెడ్‌నర్సు వార్డు గోడకెక్కింది.

"నవ్వుతూ ఇంకోటి తియ్యనా?" అని సాయంత్రం భయంభయంగా అడిగాడు.

"వద్దు, ఉంచండి. అందులో నేను కనిపిస్తున్నాను" అందామె. రోగుల్ని చూసే వేళ దాటాక ఆ వార్డులో బంధువులెవరూ నిలబడటం లేదట.

ఆయన కూడా స్టూడియోలో ఒక ప్రతి పెట్టుకున్నాడు. అప్పటినుంచి నెక్లెసులు మసకగా వస్తున్నాయని పెళ్లివారు ఫిర్యాదు చేస్తున్నారు.