ఒకటో వారం

సెలవు మంజూరైన శుభవార్త ఉదయం పదకొండింటికి టీతో పాటే వచ్చింది. పెళ్లయి పద్దెనిమిది రోజులైన కొత్త పెళ్లికూతురు "తాము కోరిన వారం మంజూరు చేయడమైనది" అన్న వాక్యాన్ని మూడుసార్లు చదువుకుని, అదే కార్యాలయంలో కిందంతస్తులో పనిచేసే భర్తకు ఫోన్ చేసింది.

"నాకూ వచ్చేసింది," అన్నాడతను.

సముద్రం చూడటానికి ఇద్దరికీ కలిపి ముందే ఒకే పెట్టె కొని ఉంచుకున్నారు. అందులో రెండు టూత్‌బ్రష్‌లు ఒకే డబ్బాలో పడుకుని ఉన్నాయి. రోజూ మూత తీసి వాటిని చూసుకోవడం ఆమెకో వేడుక.

మధ్యాహ్నం తేదీలు చూసుకున్నారు. అతనికి వచ్చే నెల మొదటి వారం. ఆమెకు రెండోది.

కార్యాలయం తప్పేమీ లేదని ముందే మనవి చేయాలి. సెలవు అడిగేటప్పుడు ఇద్దరూ కంప్యూటరులో వారాల పట్టికకు 1 అనే కొట్టారు. ప్రోగ్రామూ ఒకటే. అయితే మనం కొట్టింది కంప్యూటరుకు విన్నవించే షెల్ అనే మధ్యవర్తి పైన వేరు, కింద వేరు. రెండూ యూనిక్స్ వంశంలోవే. పైనున్న బాష్ పట్టికను సున్నా నుంచి లెక్కపెడుతుంది, కిందున్న జెడ్‌షెల్ ఒకటి నుంచి. కనుక పైన 1 అంటే రెండో వారం. గొప్ప వంశాల్లో ఇలాంటివి మామూలే.

పర్యవేక్షకుడు రెండింటి మాన్యువళ్లూ తెప్పించి, దుమ్ము దులపడానికి ఇద్దరు ఉద్యోగులను నియమించి, సభ పెట్టాడు.

"ఇందులో సున్నా అని స్పష్టంగా ఉంది. అందులో ఒకటి అని స్పష్టంగా ఉంది. రెండు గ్రంథాలూ నిర్దోషులే. కనుక తప్పు దంపతులదని తేలింది."

ఆ నిష్పాక్షికతకు అందరూ చప్పట్లు కొట్టారు. అలవాటుకొద్దీ పెళ్లికూతురు కూడా కొట్టింది. ఇకపై పైఅంతస్తు వారు మొదటి వారాన్ని సున్నావారం అనాలనీ, మెట్ల మీద ఉన్నవారు తాము ఎక్కుతున్నారో దిగుతున్నారో చూసుకుని మాట్లాడాలనీ ఉత్తర్వు వెలువడింది. మంజూరైన సెలవు మార్చే ఆచారం లేనందున దంపతులు విడివిడిగా వెళ్లి ఫొటోలు తర్వాత అతికించుకోవచ్చని దయతో సూచించారు.

సాయంత్రం ఇంట్లో ఆమె డబ్బా తెరిచి ఒక బ్రష్ బయటికి తీసింది.

"పెట్టె మీరే తీసుకెళ్లండి."

'నువ్వు' కాస్తా 'మీరు' అయిందంటే పరిస్థితి బాగాలేదని అతను ఈ పద్దెనిమిది రోజుల్లోనే నేర్చుకున్నాడు.

"నువ్వు లేకుండా అక్కడ నేనేం చేయను? అలలు లెక్కపెట్టుకోనా?"

"పెట్టుకోండి. సున్నా నుంచా, ఒకటి నుంచా?"

ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వి నవ్వి ఆమెకు దగ్గొచ్చింది. దగ్గుతోనే ఉపాయమూ వచ్చింది. వెంటనే పర్యవేక్షకుడికి ఫోన్ చేసింది.

"సార్, వచ్చే నెల మొదటి వారంలో నాకు జ్వరం వచ్చేలా ఉంది."

"మొదటి వారమంటే ఏ లెక్కన?"

"జ్వరం లెక్కన, సార్."

"అలాగా. మరి ముందే చెప్పొద్దటమ్మా? రేపొచ్చి కాగితం మీద రాసిచ్చేయ్. పోయిన నెల మా ఇంటిల్లిపాదికీ అదే జ్వరం. సముద్రపు గాలి బాగా పనిచేసింది."

ఈ జ్వరం సెలవుకు ఇంతవరకూ ఎవరూ మాన్యువల్ రాయలేదు. అయినా ఏ అంతస్తులోనైనా, ఏ కార్యాలయంలోనైనా ఒకేలా పనిచేస్తుంది. ఎలాగో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆమె బ్రష్‌ను మళ్లీ డబ్బాలో పడుకోబెట్టింది. రేపు ఉదయం తొమ్మిదిన్నరకు వెళ్లి, కాస్త దగ్గి, కాగితం ఇచ్చి వస్తుంది.