నంద్యాలకు కొరియా దండాలు

ప్రతి ఇంటికీ ఒక కొరియా క్లాసు ఉండాలి! వీధికి దీపం, ఇంటికి కుళాయి ఎంత అవసరమో ఇదీ అంతే అవసరం. నమ్మకం లేకపోతే నంద్యాలలో లావణ్య ఇంటికి సాయంత్రం ఐదింటికి వెళ్లి చూడండి. కుర్చీ దొరికితే కూర్చోండి. దొరకదు.

లావణ్య ఇంగ్లిష్‌లో ఎం.ఏ. చదివింది. పెళ్లయ్యాక ఆ ఇంగ్లిష్‌తో ఆమె చేసిన పనల్లా మందుసీసాల మీద ఏముందో అత్తగారికి చదివి చెప్పడం. అలాంటి మనిషికి ఒక ఆన్‌లైన్ క్లాసుల కంపెనీ కొరియాలోని బూసాన్ ఊరి ఉద్యోగులను ఆరుగురిని అప్పగించింది. వాళ్లకు గ్రామర్ మనకన్నా బాగా వచ్చు. రానిదల్లా నోరు విప్పడం. అందుకని కమ్యూనికేషన్ స్కిల్స్ నేర్పాలి.

ఎంత మంచి విద్యార్థులనుకున్నారు! ఆమె మాట మొదలుపెడితే ముగించేదాకా వింటారు. ఇంట్లో ఇంతవరకు లావణ్య వాక్యాన్ని చివరిదాకా పోనిచ్చినవాళ్లు లేరు. సగంలో భర్త సందీప్ "సర్లే" అంటాడు. ఆయన అనకపోతే కుక్కర్ కూస్తుంది. రోజుకో గంట తన మాటకు ఫుల్‌స్టాప్ తానే పెట్టుకోవడంలో ఉన్న సుఖం ఆమెకు ఈ క్లాసుతోనే తెలిసింది. ప్రాణం పోయినా ఆ గంటను వదలకూడదనుకుంది.

అంత సుఖం ఒక్కరికే దక్కితే న్యాయమా? కాదు! అందుకే ఒకరోజు అత్తగారు కమలాక్షమ్మ కళ్లజోడు వెతుక్కుంటూ కెమెరా ముందుకొచ్చింది.

తెల్లజుట్టు కనబడగానే కొరియాలో కుర్చీలన్నీ వెనక్కి జరిగాయి. అందరూ లేచి నడుము దాకా వంగారు. వాళ్ల పద్ధతి అది. పెద్దవాళ్లు వస్తే లేవాలి. పెద్దవాళ్ల ముందు నోరెత్తకూడదు.

"ఏందమ్మీ, నాకేనా మొక్కుతాండేది?" కమలాక్షమ్మ కెమెరాకు ఇంకాస్త దగ్గరికొచ్చింది. "మన సందీపుగాడు నేనొస్తే మంచం మీంచి కాలన్నా తీయడు గదే!"

మర్నాడు ఆమె పట్టుచీర కట్టుకొని క్లాసుకు కూర్చుంది. ఆ మర్నాడు ఆమె తమ్ముడు సుబ్బయ్య ఆళ్లగడ్డ బస్సు దిగాడు. ఆయన పలకరిస్తే సొంత మనవళ్లు ఫోన్లోంచి తల ఎత్తరు. ఇక్కడ ఒక దేశమే వంగింది! ఆయన కండువా సర్దుకొని, "ఇంగోసారి వంగమను పాపా, సరిగ్గా సూసుకోల్యా" అన్నాడు. పాపం, వంగారు.

వార్త దొర్నిపాడు దాకా పాకింది. పంచాయతీ ఎన్నికల్లో ఓడినవాళ్లు, వియ్యంకుడు గౌరవించలేదని అలిగినవాళ్లు ఆటోలు కట్టించుకొని వచ్చారు. అవుకు నుంచి ఒక జంట షష్టిపూర్తి బట్టలతోనే వచ్చి దండం అందుకొని, లాప్‌టాప్ మీద అక్షింతలు చల్లి పోయింది. ఆ బియ్యం కీబోర్డులోంచి ఇప్పటికీ రాలుతూనే ఉంది. డాక్టర్లు దించలేని బీపీలు దిగాయి. కొరియా పిల్లలకు నడుం నొప్పులంటారా? వ్యాయామం ఆరోగ్యానికి మంచిదే కదా!

నష్టం ఒక్కటే. ఇంగ్లిష్ ఆగిపోయింది. పెద్దలుండగా వాళ్లు మాట్లాడరు. దండాలుండగా పెద్దలు లేవరు.

రికార్డింగులు చూసిన కంపెనీ సూపర్‌వైజర్ కబురు పెట్టింది. శుక్రవారం తానే క్లాసుకు వస్తుందట. పాఠం: పెద్దవాళ్లకు మర్యాదగా కాదని చెప్పడం. ఒక్కొక్కరూ ఒక్కసారైనా 'నో' అనకపోతే ఆ రోజుతో క్లాసు రద్దు.

ఆ ఒక్కరోజుకు అత్తగారిని లోపల కూర్చోమని చెప్పొచ్చు కదా అంటారా? చెప్పింది! "అత్తా, శుక్రవారం మీరు..." అని మొదలుపెట్టింది.

"శుక్రారం తలకు పోసుకోనే వస్తాలే అమ్మీ, నాకు తెల్దా" అంది కమలాక్షమ్మ. వాక్యం అక్కడితో సరి.

శుక్రవారం వచ్చింది. లావణ్య పక్కన కమలాక్షమ్మ, ఆమె పక్కన సుబ్బయ్య. తెర మీద ఒక మూల సూపర్‌వైజర్.

"మీ మేనేజర్ ఆదివారం ఆఫీసుకు రమ్మన్నారు. ఎలా కాదంటావు?" అని సూజిన్ అనే అమ్మాయిని లావణ్య ఇంగ్లిష్‌లో అడిగింది. సూజిన్ కమలాక్షమ్మను చూసి తల దించుకుంది. ఆదివారం వస్తానంది. పక్కతను శనివారం కూడా వస్తానన్నాడు. మూడో అతను అసలు ఇంటికే వెళ్లనన్నాడు.

సూపర్‌వైజర్ పెన్ను తీసింది. సరిగ్గా అప్పుడే కమలాక్షమ్మ అందుకుంది.

"అమ్మీ, ఇంగ మాటలు సాలు. మా తమ్ముడు ఆకలితో ఉండాడు. బేగా పోయి ఉగ్గాని, బజ్జీ చేసుకోని రా. ఈ పిల్లోల్లను నేను సూసుకుంటాలే."

లావణ్య లేవబోయింది. ఆరు జతల కళ్లు ఆమె మీదే ఉన్నాయి. మళ్లీ కూర్చుంది. అత్తగారి వైపు తిరిగి, పాఠంలో ఉన్నది ఉన్నట్టు, చిరునవ్వుతో సహా ఇంగ్లిష్‌లో చెప్పింది. అడిగినందుకు సంతోషమనీ, కానీ నో అనీ, ఇప్పుడు తన పని తనకుందనీ.

వాక్యం చివరిదాకా వెళ్లింది!

బూసాన్‌లో ఆరు తలలూ ఒక్కసారి పైకి లేచాయి. తర్వాత సూజిన్ లేచి నిలబడి, ఈసారి లావణ్యకు వంగి, ఆదివారానికి నో చెప్పింది. రెండో అతను శనివారానికి చెప్పాడు. మూడో అతను ఓవర్‌టైముకూ, ఆఫీసు విందుకూ, ఇవ్వని ప్రమోషన్‌కూ కలిపి చెప్పాడు. ఆఖరి అతను లావణ్య ప్రశ్న అడగకముందే నో అన్నాడు. ఇంత సహజమైన డెమో తమ కంపెనీలో ఇంతవరకు చూడలేదని సూపర్‌వైజర్ క్లాసును ఏడాది పొడిగించింది.

అందరికన్నా మురిసిపోయింది కమలాక్షమ్మ. "బలే నటించినావ్ అమ్మీ! నిజంగానే కాదంటాండావేమో అనుకుంటి" అంటూ కోడలి వీపు తట్టింది. "సరే గానీ, బజ్జీ పిండిలో రోంత వాము వెయ్యి."

చూశారా కమ్యూనికేషన్ స్కిల్స్ మహిమ!

లావణ్య లాప్‌టాప్ మూసింది. కెమెరా ఆగిందో లేదోనని మళ్లీ తెరిచి చూసుకుంది. ఆగింది. వంటింట్లోకి వెళ్లి బాణలిలో నూనె పోసింది.

ఈ సంగతి మాత్రం దయచేసి కొరియా చేరనివ్వకండి. పాపం, అక్కడ ఆరుగురు ఆమెను నమ్ముకొని ఆదివారాలు ఇంట్లో ఉంటున్నారు.