మరచెంబులో మాణిక్యాంబ

ఆ ఆస్పత్రిలో గుండె బాగుచేయాలంటే ముందు మనిషిని ద్రవంగా మార్చి చెంబులో పోస్తారు. పెప్టైడ్లనే ప్రోటీన్ తునకలతో చేసిన జెల్ ఒకటి నరంలోకి ఎక్కిస్తారు. దాంతో మనిషి చలిలో నీళ్లలా పారతాడు, ఒంటి వేడి తగిలితే జున్నులా గడ్డకడతాడు. పారుతున్నప్పుడు చెడిన భాగాన్ని వడకట్టేయడం సులువు. చెంబు మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఎంత లావు మనిషైనా ఒక చెంబుకు మించడు. పెద్ద హోదాలవాళ్లు ఇంకాస్త తక్కువే వస్తారని థియేటర్లో అనుకుంటారు.

గట్టిపరిచే యంత్రం కూడా వచ్చింది. ప్రారంభోత్సవానికి మంత్రిగారి తీరిక కుదరక రిబ్బను కట్టే ఉంది. అందుకని రోగి తాలూకు వాళ్లే హాల్లో కూర్చుని, చెంబును చేతుల మధ్య పట్టుకుని వేడి అందించాలి. సాయంత్రం హాలు మూసేలోగా గట్టిపడనివాళ్లను, ఎవరూ రానివాళ్లను కింద చల్లగదిలో ఒకే ట్యాంకులో కలిపేస్తారు. తర్వాత ఎవరైనా వచ్చి అడిగితే కొలత ప్రకారం ఇస్తారు. కొలతలో తేడా వచ్చిందని ఇంతవరకు ఫిర్యాదు లేదు.

సదాశివం ఒళ్లో ఇత్తడి మరచెంబు ఉంది. అందులో ఆయన అక్క మాణిక్యాంబ ఉంది. రైలు ప్రయాణాల్లో ఆవిడ మంచినీళ్లు పట్టుకెళ్లే చెంబే అది. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన ఆయనకు, భార్య పోయాక మిగిలింది ఆవిడొక్కతే. ‘చిన్నోడా’ అని పిలిచేదీ ఆవిడే. చెంబు ఊపి చూశాడు. గలగలమంది.

“ఇంకా నీళ్లే మాస్టారూ,” అంది నర్సు రూతమ్మ మూత తిప్పి చూసి. “మీరు కంగారుపడుతున్నారు. కంగారుపడితే చేతులు చల్లబడతాయి.”

“కంగారుపడకుండా ఉండటం ఎలాగమ్మా?”

“అది మా డిపార్ట్‌మెంటు కాదండి.”

హాలు అవతలి చివర వాచ్‌మన్ అప్పుడే కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు. కుర్చీ చప్పుడైన ప్రతిసారీ సదాశివం వేళ్లు మరింత చల్లబడుతున్నాయి. అరచేతులు రుద్దుకున్నాడు. చెంబును చొక్కాలోకి దూర్చి పొట్టకు ఆనించుకున్నాడు. గలగల ఆగలేదు.

పక్క కుర్చీలో చేపలమ్మే నూకాలమ్మ ఉంది. ఆమె మొగుడు పొద్దున్నే గట్టిపడి, గుమ్మం దగ్గర బన్ను తింటున్నాడు.

“ఇటు తే బాబూ,” అందామె. “అవేం చేతులు! మా చేపలు పెట్టుకోవచ్చు వాటిలో.” ఆయన చేతులమీద తన చేతులు వేసి గట్టిగా పట్టుకుంది.

రక్తసంబంధీకుల వేడి మాత్రమే వాడాలని నియమం ఉంది. రూతమ్మ వచ్చి నిలబడింది.

“నువ్వు ఆయనకేమవుతావమ్మా?”

“పక్క కుర్చీ అవుతాను.”

రూతమ్మ కాసేపు ఆలోచించి, అటు తిరిగి, గోడమీద ‘నిశ్శబ్దం’ అన్న బోర్డును శ్రద్ధగా చదవసాగింది.

గలగల ఆగింది. చెంబు బోర్లించారు. మాణిక్యాంబ చీర సర్దుకుంటూ దిగింది.

“చింతపండుతో తోమి సరిగ్గా కడగలేదు కదూ, చిన్నోడా? ఊపిరాడలేదు.”

సదాశివం నవ్వాడు. కొత్తగా గట్టిపడినవాళ్లు మర్నాటిదాకా ఎవర్నీ తాకకూడదు కాబట్టి ఆవిడను చక్రాల కుర్చీలో లోపలికి తీసుకెళ్లిపోయారు. నూకాలమ్మ మొగుణ్ణి తీసుకుని బస్సుకు వెళ్లిపోయింది.

లేవబోతూ ఆయన చూసుకున్నాడు. వేళ్ల చివరలనుంచి చుక్కలు రాలుతున్నాయి.

“నాకు మందెక్కించలేదు కదమ్మా?”

“ఒంటరివాళ్లకి మందక్కర్లేదండి, ఈ ఏసీ చాలు. మీ తాలూకు ఎవరున్నారు?”

“అక్క ఉంది. రేపు బయటికొస్తుంది.”

“హాలు ఇప్పుడే మూసేస్తాం మాస్టారూ.”

ఆయన కూర్చున్న కుర్చీ ఒక్కటే మిగిలింది. దాని వెనకాల వాచ్‌మన్ మర్యాదగా నిలబడ్డాడు.

“పోనీలెండి, మీకు సొంత చెంబుంది,” అంది రూతమ్మ మెల్లగా. “చాలామందికి అదీ ఉండదు.”

నిజమేననిపించింది సదాశివానికి. చెంబులో ఇంకా అక్క వెచ్చదనం ఉంది. ఒక్క చుక్కా బయట పడకుండా వేళ్లు అంచుకు ఆనించి, మూత ఎటు తిప్పితే బిగుస్తుందో రూతమ్మకు చెప్పాడు.